నారమ్మ తెచ్చిన సీసా

పోయిన వారం మనం డాక్టర్ హైమవతిని కోపం మీద వదిలేసి వచ్చాం. వారం తిరిగి వచ్చి చూస్తే ఆ కోపం అలాగే ఉంది, దానికి కొసరు కూడా కలిసింది. జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు పక్క సందులో ఆమె దవాఖాన. మొగుడంపల్లి నుంచి మాణిక్ తన భార్య యాదమ్మను అక్కడికి తీసుకొచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. యాదమ్మకు తొలిచూలు, ఆరో నెల. మూత్రానికి వెళ్తే మంట, నడుములో పోటు. హైమవతి ఒక సీసా ఉడకబెట్టి ఇచ్చి, పొద్దున్నే మొదటి మూత్రం పట్టి పంపమంది. ఆ సీసాను యాదమ్మ అత్త నారమ్మ బస్సులో తెచ్చింది. అది బీదర్ ల్యాబుకు వెళ్లింది. ఈలోగా నిన్న సాయంత్రం యాదమ్మ చలిజ్వరంతో వణుకుతూ వస్తే, హైమవతి ఆమెను పడక మీద వేసి ఆంపిసిలిన్ మొదలుపెట్టింది.

ఈ పొద్దున బీదర్ బస్సులో రిపోర్టు వచ్చింది. దాన్ని చదివి హైమవతి తల పట్టుకుని కూర్చుంది.

రిపోర్టులో ఉన్నది ఇంతే. సీసాలో క్రిములు పుష్కలంగా ఉన్నాయి. వాటి మీద ఆంపిసిలిన్ పనిచేయదు. సల్ఫా పనిచేయదు. టెట్రాసైక్లిన్ అసలే పనిచేయదు. దుకాణంలో దొరికే మందులన్నీ వరసగా ఓడిపోయి చివరికి ఒక్క జెంటామైసిన్ సూది మాత్రం మిగిలింది. మిగిలింది కదా అని సంబరపడటానికి లేదు. ఆ జాతి మందులు తల్లి క్రిమిని చంపుతాయి సరే, కడుపులో బిడ్డ చెవులకు ముప్పు తేవచ్చని హైమవతి చదివిన పుస్తకాలు మొత్తుకుంటున్నాయి. సూది ఇస్తే బిడ్డకు చెవుడు రావచ్చు. ఇవ్వకపోతే క్రిమి మూత్రపిండాలకెక్కి తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఎందుకైనా మంచిదని ఆమె ఆ సూది మందుకు చీటీ రాసి మాణిక్ చేతికిచ్చింది. "జబ్బార్ మెడికల్‌ల ఉంటది, తెచ్చి నా చేతిల పెట్టు. నేను చెప్పేదాంక సూది వద్దు" అని రెండుసార్లు చెప్పింది. మాణిక్ తల ఊపాడు. ఈ ఊళ్లో అందరూ తల ఊపుతారు. ఊపిన తల లోపలికి మాట ఎంత దిగిందో ఆ పైవాడికే ఎరుక.

మాణిక్ అటు వెళ్లాక ఆమెకు ఒక అనుమానం పట్టుకుంది. ఇంత మొండి క్రిమి ఇంత చిన్నపిల్లలోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఇలాంటి క్రిమి ఉత్తపుణ్యానికి తయారు కాదు. ఏళ్ల తరబడి మందును సగం సగం తిన్న ఒంట్లోనే తయారవుతుంది. చావకుండా మిగిలిన క్రిమి మందుకు అలవాటు పడుతుంది. జహీరాబాద్ బజారులో అలాంటి ఒళ్లకు కొదవ లేదు. సందు చివర గురులింగప్ప అనే సూదుల కాంపౌండర్ ఉన్నాడు. ఎవరొచ్చినా రెండు గోలీలు పొట్లం కట్టి ఇస్తాడు. పల్లెల వాళ్లయితే పొద్దుటి సూదీ సాయంత్రం సూదీ ఒక్క విడతలోనే పొడిచి పంపిస్తాడు, మళ్లీ బస్సెక్కి రావడం ఎందుకని. అదేమంటే దయ అంటాడు. హైమవతి అతనితో ఎన్నోసార్లు పోట్లాడింది. అతను చిరునవ్వు నవ్వి స్టవ్ వెలిగించుకుంటాడు.

కానీ యాదమ్మ గోలీ చూస్తేనే వాంతి చేసుకునే పిల్ల. నిన్న ఆంపిసిలిన్ మింగించడానికి నర్సు బషీరాకు తలప్రాణం తోకకొచ్చింది. పైగా ఆ పనిచేయని ఆంపిసిలిన్‌కే తెల్లవారేసరికి జ్వరం కొంచెం దిగింది. ఇదెక్కడి విడ్డూరం?

హైమవతి రిపోర్టును మళ్లీ మొదటి నుంచి చదివింది. అడుగున, ఇందాక కోపంలో దాటేసిన ముక్క ఒకటి కనబడింది. మూత్రంలో చక్కెర విపరీతంగా ఉందట.

వెంటనే బషీరాను పిలిచి యాదమ్మ మూత్రం పట్టించింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద మరగబెట్టించింది. చక్కెర ఉంటే ఆ నీలం ఇటుక రంగుకు తిరగాలి. బుడబుడా మరిగింది, చల్లారింది. నీలం నీలంగానే ఉంది.

"బషీరా, నారమ్మను లోపలికి పంపు" అంది హైమవతి. ఆ గొంతు విని బషీరా గాజు గొట్టాలన్నీ తీసుకుని కడగడానికి వెనక వసారాలోకి వెళ్లిపోయింది. అమ్మ ఆ గొంతుతో మాట్లాడేటప్పుడు దగ్గర్లో ఉండకూడదని ఆమెకు అనుభవం.

నారమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం. స్టూలు చూపిస్తే దాన్ని పక్కకు జరిపి గోడకానుకుని నేల మీద కూర్చుంది.

"సూది ఎప్పుడేస్తవు డాక్టరమ్మా? పిల్ల నిన్నటి సంది అరిగోస పడుతున్నది."

"సూది సంగతి తర్వాత. కోడలికి ఇంతకుముందు గోలీలు ఏమన్న తినిపించినవా?"

"గోలీలా? దానికి గోలీ చూపెడితెనే కడుపుల తిప్పుతది."

"గురులింగప్ప దగ్గరికి తీస్కపోయినవా?"

"లేదు. నీ మీద ఒట్టు."

"నా మీద పెట్టకు. నాకు అసలే పొద్దుగాల నుంచి బాగలేదు." హైమవతి రిపోర్టును బల్ల మీద పెట్టి దాని మీద పెన్ను పెట్టింది. "ఒక్కటే అడుగుత. మొన్న నువ్వు తెచ్చిన సీసాల ఉన్నది యాదమ్మ మూత్రమేనా?"

నారమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. ఆఖరికి తన కాలి వేళ్ల వైపు చూసుకుంది.

"ఇంట్లదే" అంది.

"ఇంట్లదంటే?"

"మా ఇంట్లదే డాక్టరమ్మా. పక్కింటోళ్లది నేనెందుకు తెస్త?"

హైమవతి ఇన్నేళ్లలో ఎన్నో జవాబులు విన్నది. రోగం ఎప్పటి నుంచి అంటే పొలాల అమావాస్య నుంచి అన్నవాళ్లున్నారు. ఎన్ని గోలీలు మింగావు అంటే తెల్లవి అన్నవాళ్లున్నారు. కానీ మూత్రం ఎవరిదంటే ఇంట్లోది అన్న మనిషిని ఇప్పుడే చూస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియని చోట ఆమెకు కోపమే వస్తుంది, అది ఆమె పుట్టుక.

"నారమ్మా, నాకు ఓపిక లేదు. సీసాకు ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పు."

"అరుస్తె ఎట్ల చెప్త?"

"నేను అరుస్తలేను."

"సందు చివరిదాంక ఇనవడుతున్నది."

హైమవతి నోరు మూసుకుని కూర్చుంది. అలా కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో ఆ కుర్చీకి తెలుసు. కాసేపటికి నారమ్మే మొదలుపెట్టింది.

"బస్సుల మస్తు మంది ఉన్నరు. సీసను సంచిల పెట్టి ఒళ్లె పెట్టుకున్న. ఉల్లిగడ్డల గంపతోని ఒకామె వచ్చి మీద పడ్డది. సీస మూతి మీద నువ్వు పెట్టిన దూది ఊడింది. చీరంత తడిసింది. పక్కన కూసున్నామె ముక్కు మూసుకున్నది. షరంతోని సచ్చిపోయిన డాక్టరమ్మా. నడుమల్నే దిగుదామంటె కండక్టర్ ఆపలేదు."

"ఇక్కడికి వచ్చి చెప్తే నేను ఇంకో సీసా ఇయ్యకపోదునా?"

"ఇస్తువు. తిట్టి ఇస్తువు." నారమ్మ తలెత్తి సూటిగా చూసింది. "నువ్వే అంటివి గద, పొద్దుగాలదే కావాలె, బీదర్ బస్సుకు అందాలె, పొద్దెక్కినంక పనికిరాదు అని. మళ్ల ఊరికి వోయి వచ్చేసరికి మిట్ట పగలయితది. బస్టాండ్ ఎనక గోడ చాటుకు వోయిన. పట్టుకొచ్చిన."

"నీది."

"నాదే. ఒక్క బాయి నీళ్లు తాగుతం. ఒక్క కుండల కూడు తింటం. దానిది నాది ఏం ఫరక్ ఉంటది?"

హైమవతి రిపోర్టును చేతిలోకి తీసుకుంది. ఈ సీసా నీళ్లను నమ్మి బీదర్‌లో వాళ్లు పరీక్షలు చేశారు. వాళ్ల మాట నమ్మి తను చీటీ రాసింది. ఇంకాసేపు ఆగితే అత్త రోగానికి కోడలికి సూది పొడిచి, పుట్టబోయే బిడ్డ చెవులతో జూదమాడేది.  ఇంత ఘనకార్యం చేసిన మనిషి ఎదురుగా కూర్చుని చీర కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

"నీ చేన్ల ఏం పెట్టినవు ఈసారి?" అని అడిగింది హైమవతి, గొంతు బలవంతంగా తగ్గించి.

"జొన్న."

"పక్క చేన్ల?"

"కంది."

"రెండు చేన్ల మీద పడేది ఒక్క వాననే గదా. మరి రెండిట్ల జొన్ననే ఎందుకు మొలవదు?"

"అదేం మాట. ఇత్తనం ఏరైతే పంట ఏరే గద."

"నేను పొద్దుగాల నుంచి ఏడుస్తున్నది అదే. నీ ఒంట్ల విత్తనం వేరు, నీ కోడలి ఒంట్ల విత్తనం వేరు." హైమవతి బల్ల మీద వేలితో గుండ్రంగా గీసింది. "బీదర్ల ఏం చేస్తరో తెలుసా? సీసాల నీళ్లను గాజు పళ్లెంల చల్లి క్రిములను మొలిపిస్తరు. ఆ పళ్లెంల మందు అద్దిన కాగితం బిళ్లలు పెడతరు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టు ఏం మొలవదు, బోడిగ ఉంటది."

"చింతచెట్టు కింద మొలవనట్టు" అంది నారమ్మ.

"అట్లనే. మందు పనిచెయ్యకపోతే బిళ్ల అంచు దాంక క్రిమి మొలుస్తది. నువ్వు తెచ్చిన సీసాల క్రిమి అన్ని బిళ్లల అంచు దాంక మొలిచింది. ఒక్క సూది మందు కాడ ఆగింది."

హైమవతి బల్ల మీద గీసిన ఆ కనిపించని గుండ్రం వైపు నారమ్మ చాలాసేపు చూసింది. కొంగుతో మెడ తుడుచుకోవడం ఆపింది.

"అంటె గా పంట నాదా?"

"నీదే. చక్కెర రోగం గూడ నీదే. కోడలి పేరు మీద నీ రోగం బయటపడ్డది." అని, హైమవతి ముందుకు వంగింది. "నీకు మంట ఎన్నేండ్ల సంది?"

 బయట రోడ్డు మీద చెరకు లారీ ఒకటి మూలుగుతూ పోయింది. నారమ్మ ఆ చప్పుడు వైపు తల తిప్పింది.

"నారమ్మా, నిన్నే."

"మాణిక్ పుట్టినకాడికెల్లి" అంది నారమ్మ. మెల్లగా అంది. "మా అత్తకు గూడ ఉండె. ఆడదానికి ఉండేదే అనుకున్న. అడ్డగోలు మంట లేసినప్పుడు గురులింగప్ప తాన ఉడుకు చేసిందని చెప్పి గోలీలు తెచ్చుకునేదాన్ని. మంట తగ్గంగనె మిగిలిన గోలి గూట్ల దాసిపెట్టేదాన్ని, మళ్ల లేస్తె తినెటందుకు. ఒక్కపారి గూడ అన్ని గోలీలు తిని ఆగం చెయ్యలే."

ఆ చివరి మాట ఆమె గొప్పగానే చెప్పింది. ఇల్లు పొదుపుగా నడిపిన మనిషి చెప్పినట్టు చెప్పింది. హైమవతికి అరవాలనిపించింది. ఆ గూట్లో దాచిన గోలీలే కదా ఆ క్రిమిని సాకి సంతరించి పెంచింది. కానీ గొంతులోకి అరుపు రాలేదు. మాణిక్‌కు పాతికేళ్లుంటాయి. అన్నేళ్లుగా ఈ మనిషి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, వంట చేసి, కలుపు తీసి, కొడుకు పెళ్లి చేసి, కోడలికి మంట అనగానే మాత్రం పరుగున దవాఖానకు తెచ్చింది. హైమవతికి ఆమె మీద జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకు చిరాకేసింది.

"ఒక్కసారన్న నాకు చెప్పకపోయినవా?"

"ఏమని చెప్పాలె? చెప్పే మాటనా గది?"

"కోడలిది చెప్పినవు గద."

"అది చిన్నపిల్ల. కడుపుతోని ఉన్నది. నాదేముంది, అయిపోయిన బతుకు."

"ఏం అయిపోలేదు. కోడలికి ఆంపిసిలిన్ పనిచేస్తున్నట్టే ఉన్నది, జ్వరం దిగుతున్నది. ఇంకోసారి పరీక్షకు పంపుదాం, ఈసారి ఇక్కడనే నా కండ్ల ముందట పట్టి. ఆ సూది మాత్రం నీకు పడాలె. నీకు పనిచేసేది అదొక్కటే."

నారమ్మ చప్పున చేతులు జోడించింది. "నాకద్దు. ఊర్ల తెలిస్తె ఏమంటరు? ముసల్దానికి ఏం పాడు రోగం వచ్చిందో అంటరు. మాణిక్‌కు అసలే చెప్పకు డాక్టరమ్మా. కొడుకు ముందట తలెత్తుకోలేను. నీ కాల్మొక్త."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటవు. సరే, ముందు కోడలి సంగతి చూద్దాం పద" అని హైమవతి విసుక్కుంటూనే లేచింది. కానీ లోపల గుండె తేలికపడింది. బిడ్డ గండం తప్పింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమెకు చాయ్ తాగాలనిపించింది.

తలుపు తీసి పడకల గదిలోకి వెళ్లేసరికి యాదమ్మ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి సగం నేల మీద జారి ఉంది.

"బషీరా, యాదమ్మ ఏది?"

బషీరా తడి చేతులతో వసారాలోంచి వచ్చింది. "మాణిక్ తోల్కపోయిండమ్మా. ఇప్పుడే."

"ఎక్కడికి?"

"గురులింగప్ప తానకు. సూది మందు తెచ్చిండు. తలుపు దాంక వచ్చి ఆగిండు, లోపల మీ ఆవాజ్ ఇనవడ్డది. డాక్టరమ్మ గుస్సల ఉన్నది, మా అమ్మను తిడుతున్నది, నడుమ పోతె నన్ను గూడ తిడుతది అన్నడు. ఏపిచ్చుకొని జల్దీ వస్తమన్నడు."

"నువ్వెట్ల పోనిచ్చినవు?"

"చీటీ మీ చేతి రాతే గదమ్మా. మీరే చెప్పిన్రు అనుకున్న."

హైమవతి గుమ్మం వైపు తిరిగింది. ఈమె అరుస్తుందని అత్త సీసా మార్చింది. ఈమె అరుస్తుందని కొడుకు తలుపు తట్టలేదు. తిట్టుకోవడానికి ఈసారి ఇంకెవరూ దొరకలేదు. చెప్పులు కాళ్లకు ఎక్కీ ఎక్కకముందే ఆమె మెట్లు దిగింది.

నారమ్మ వెనకే వచ్చింది. "గా సూది పిల్లకు పడితె ఏమయితది?"

"కడుపుల బిడ్డకు చెవులు పోవచ్చు. పోతయనే కాదు. కానీ పడొద్దు, నారమ్మా, పడొద్దు."

ఆ మాట వింటూనే నారమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పరుగు తీసింది. సందులో సైకిళ్లు తప్పుకున్నాయి. పూలమ్మే మనిషి గంప పక్కకు లాక్కుంది. హైమవతి వయసులో చిన్నదే అయినా వెనకబడిపోయింది.

గురులింగప్ప దుకాణం రోడ్డు వైపు తెరిచిన ఒక్క గది. బెంచీ మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, అందులో ఇద్దరు మొగుడంపల్లి వాళ్లే. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. స్టూలు మీద యాదమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. పక్కన మాణిక్ ఆమె భుజం పట్టుకున్నాడు. గురులింగప్ప సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టి, గాలి బుడగ పోగొడుతున్నాడు.

నారమ్మ పోయి ఆ చెయ్యి పట్టుకుంది.

"గా సూది నాది" అంది.

గురులింగప్ప బిత్తరపోయాడు. "ఏందవ్వా ఇది, చెయ్యి ఇడువు."

"ఇడువ. రోగం నాది. మూత్రంల మంట నాది. సీసల పోసింది నేను, కోడలు గాదు. ఇన్నేండ్ల సంది దాసుకున్న." రొప్పుతూనే ఆమె జాకెట్టు చెయ్యి పైకి తోసుకుంది. బెంచీ మీది ఊరివాళ్లు నోళ్లు తెరిచి చూస్తున్నారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. కొడుకు వైపు మాత్రం ఒక్కసారి చూసి, చూపు తిప్పుకోకుండా అలాగే నిలబడింది. "దానికెందుకేస్తవు. నాకెయ్యి."

"అమ్మా" అన్నాడు మాణిక్. 

అప్పుడే గడప దగ్గరికి చేరిన హైమవతి తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ఇంకా రొప్పుతోంది. కొడుక్కు తెలిస్తే తలెత్తుకోలేనని ఇందాక చేతులు జోడించిన మనిషేనా ఈమె అనుకుంది. కళ్లు చెమర్చాయి. నారమ్మ అందుకుంది, సమయానికి అందుకుంది, బిడ్డ దక్కింది అనుకుని కళ్లు తుడుచుకుంది.

తుడుచుకుని చూసేసరికి యాదమ్మ కుడి చెయ్యి కనబడింది. ఆ చెయ్యి ఎడమ భుజం కింద చిన్న దూది ముక్కను అదిమి పట్టుకుని ఉంది.

గురులింగప్ప నెమ్మదిగా నారమ్మ వేళ్లు విడిపించుకున్నాడు. "నీకెయ్యుమంటే నీకే ఏస్త తియ్యవ్వా. ఊరోళ్లు గద, మళ్ల పొద్దుమీకి బస్సెక్కి ఏం వస్తరని రెండు పూటలది ఒక్కపారే ఏస్తుంటి" అన్నాడు, సిరంజిని మళ్లీ వెలుతురుకు ఎత్తి. "ఇది రెండోది."